స్టీరింగ్ చప్పుడుకు ర్యాక్ మొత్తం మార్చాలా, చప్పుడు పుట్టే చోటు వెతకాలా?

కృష్ణాతీరం:
మాది 2019 నాటి ఏడు సీట్ల ఎస్‌యూవీ. 78,000 కిలోమీటర్లు తిరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మా వీధిలోనే రెండు రోజులు నీటిలో ఉండిపోయింది. నీరు టైర్లలో సగం దాటింది గానీ సీట్ల వరకు రాలేదు. ఇప్పుడు గుంతల మీద నెమ్మదిగా వెళ్లేటప్పుడు స్టీరింగ్‌లో టకటకమని చేతికి తగులుతోంది. బండి నిలిపి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందువైపు నుంచి స్ప్రింగు విదిల్చినట్లు మరో చప్పుడు వస్తోంది. సర్వీస్ సెంటర్ వారు పది నిమిషాలు నడిపి చూసి, ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు చేర్చే భాగం) మొత్తం మార్చాలంటూ 62,000 రూపాయల అంచనా చేతిలో పెట్టారు. ఏ పరీక్ష చేసి అలా తేల్చారని అడిగితే సమాధానం లేదు. వారి మాట వినడమే మంచిదా?

పాత స్పానర్:
రెండు చప్పుళ్లకూ ఒకే కారణం అంటగట్టడం దగ్గరే పొరపాటు మొదలైంది. బండి కదలకుండా ఉన్నప్పుడు వచ్చే చప్పుడు ఎక్కువగా స్ట్రట్ (ముందు చక్రం దగ్గర స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైనున్న బేరింగుది. అది తుప్పుతో బిగుసుకుపోతే, చక్రం తిరిగినా స్ప్రింగు వెంటనే తిరగలేక మెలిపడి, ఒక దశలో ఒక్కసారిగా జారుతుంది. ఇంట్లోవారితో స్టీరింగ్ తిప్పిస్తూ బానెట్ తెరిచి స్ట్రట్ మౌంట్ (స్ట్రట్ పైభాగం బాడీకి బిగిసే చోటు) మీద అరచేయి ఆనించండి, ఆ జారుడు చేతికి తెలిసిపోతుంది. స్ప్రింగు చుట్ల మధ్య మాత్రం వేళ్లు పెట్టకండి.

గుంతల చప్పుడు విషయంలో ర్యాక్ పేరు ఎత్తే ముందు లింక్ రాడ్లు (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే బార్‌ను సస్పెన్షన్‌కు కలిపేవి), టై రాడ్ ఎండ్లు (ర్యాకును చక్రాలకు కలిపే కీళ్లు), స్టీరింగ్ నుంచి ర్యాక్ వరకు దిగే షాఫ్టుకున్న క్రాస్ జాయింట్లు (షాఫ్టు వంగే చోట ఉండే కీళ్లు) చూడాలి. ముందు భాగాన్ని జాకీతో లేపి, స్టాండ్లు పెట్టి, చక్రాన్ని గడియారంలో 3, 9 ఉండే చోట్ల పట్టుకుని ఊపితే టై రాడ్ వదులు బయటపడుతుంది. మీ బండిలో నాకు ఎక్కువ అనుమానం కింది క్రాస్ జాయింట్ మీదే, ఎందుకంటే అది క్యాబిన్ బయట, వరదనీరు నిలిచిన ఎత్తులోనే ఉంటుంది.

లెక్కల మాస్టారు:
స్పానర్ గారితో నేను ఏకీభవించను. ఈ వెతుకులాట ఖర్చును ఎవరూ లెక్కలోకి తీసుకోరు. నేను ముందు లింక్ రాడ్లు, తరువాత స్ట్రట్ మౌంట్లు మార్పించి, ప్రతిసారీ కూలి కట్టి, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించి, చివరికి ర్యాకే మార్చాను. మధ్యలో ఒక స్థానిక మెకానిక్ ర్యాక్ వెనుకనున్న సర్దుబాటు నట్టును బిగించాడు. చప్పుడైతే పోయింది గానీ, శ్రీశైలం ఘాట్‌లో మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను నిటారుకు రాకుండా అక్కడే నిలిచిపోయింది. పిల్లలు వెనుక సీట్లో ఉండగా ఎదురైన ఆ అనుభవం తరువాత, నీట మునిగిన ర్యాకును నమ్మమని నేను ఎవరికీ చెప్పలేను.

పాత స్పానర్:
ఆ నట్టు గురించి మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. అతిగా బిగిస్తే ర్యాక్ పట్టేస్తుంది, అది చప్పుడు కంటే ప్రమాదకరం. అయితే అది చెడ్డ మరమ్మతు మీద ఫిర్యాదే అవుతుంది, పరీక్షించకుండా ర్యాక్ మార్చడానికి సమర్థన కాదు. వరదనీరు లోపలికి వెళ్లిందా లేదా అన్నది ఊహించనక్కరలేదు. ర్యాక్ చివర ఉండే రబ్బరు బూటు క్లిప్పు విప్పి వెనక్కి జరిపితే కడ్డీ కంటికి కనిపిస్తుంది. దాని మీద తుప్పు గుంటలు ఉంటే నేను కూడా మాస్టారి పక్షమే. పవర్ స్టీరింగ్ మోటారు ర్యాక్ మీద ఉందా, డాష్‌బోర్డు కింద స్టీరింగ్ కాలమ్ మీద ఉందా అనేది కూడా కనుక్కోండి. కాలమ్ మీదే ఉంటే దానికి నీరు తగలలేదు.

ఘాట్ రోడ్డు:
షాఫ్టు విప్పే పక్షంలో ఒక్క మాట. చక్రాలు నిటారుగా ఉంచి, స్టీరింగ్ తిరగకుండా సీటు బెల్టుతో కట్టేయమనండి. మా బండికి అలా చేయలేదు. విప్పి ఉన్నప్పుడు ఎవరో స్టీరింగ్ గిరగిరా తిప్పడంతో లోపలి క్లాక్ స్ప్రింగ్ (హారన్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్టల తీగ) తెగి, హారన్ మూగబోయి, ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగింది.

కృష్ణాతీరం:
నిన్న వేరేచోట విప్పించి చూశాను. మోటారు కాలమ్ మీదే ఉంది. కుడి బూటు క్లిప్పు వదులైంది, లోపలి గ్రీజు నీరు కలిసి పాలలా తెల్లబడింది, కడ్డీ మీద మాత్రం తుప్పు లేదు. కింది క్రాస్ జాయింట్ ఒక దిశలో పట్టేసి, మరో దిశలో వదులుగా ఊగుతోంది. షాఫ్టు, రెండు స్ట్రట్ మౌంట్లు, బూట్లు మార్పించాను. అన్నీ కలిపి 17,500 రూపాయలు అయింది. నిలిచి ఉన్నప్పటి చప్పుడు పూర్తిగా పోయింది. గుంతల చప్పుడు బాగా తగ్గింది గానీ, ఎడమవైపు సన్నగా ఇంకా వినిపిస్తోంది.

లెక్కల మాస్టారు:
ఆ మిగిలిన చప్పుడు ర్యాక్ బుష్‌ది (ర్యాక్ లోపల కడ్డీని ఊగకుండా పట్టి ఉంచే తొడుగు). తెల్లబడిన గ్రీజును చూసి కూడా ర్యాకును అలాగే వదిలేశారు. ఆరు నెలల తరువాత మళ్లీ ఇక్కడికే వస్తారు.

పాత స్పానర్:
అప్పుడు వచ్చినా అభ్యంతరం లేదు. ఈలోగా రెండు లింక్ రాడ్లనూ విప్పి పక్కకు కట్టి, వీధిలోనే 20 కిలోమీటర్ల వేగం దాటకుండా అదే గుంత మీద ఒకసారి పోనివ్వండి. మలుపుల్లో బండి ఎక్కువగా ఒరుగుతుంది కాబట్టి పెద్ద రోడ్డు ఎక్కవద్దు. చప్పుడు ఆగిపోతే తప్పు లింక్ రాడ్‌ది. ఆగకపోతే మాస్టారి అంచనా ప్రకారం ర్యాక్ విప్పించండి, నేను అడ్డు చెప్పను.