గోధుమరంగు బోర్డులు: బొమ్మ చాలా, పేరు ఉండాలా?

తాడేపల్లి గేటు: చూడదగ్గ చోట్లకు దారి చూపే ఈ గోధుమరంగు బోర్డుల నిండా మూడు భాషలు కుక్కేకన్నా బొమ్మలు పెట్టడమే మేలు. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. 15 సెంటీమీటర్ల అక్షరం ఓ 75 మీటర్ల నుంచి అందుతుందనుకున్నా మిగిలేది మూడున్నర సెకన్లు. అద్దం చూసి లైను మారాల్సింది కూడా అందులోనే.

గొడ్డుకారం: ఏ బొమ్మ అన్నా? పెట్రోలు బంకు సరే. గుండ్రంలో ‘ఐ’ అక్షరం పెడితే సమాచార కేంద్రమని ఇంగ్లీషు రానివాడికి ఎలా తెలుస్తుంది? మంచం బొమ్మ పైన ఎర్ర క్రాసుంటే ఆసుపత్రి. ఎండకు ముందు వెలిసేది ఆ ఎరుపే, అప్పుడది లాడ్జి అయి కూర్చుంటుంది.

తాడేపల్లి గేటు: మాటలు మాత్రం తక్కువ తిన్నాయా? ‘హోటల్’ అంటే మనకు ఇడ్లీ, పైదేశం వాళ్లకు గది.

రేడియం కటింగ్: ఇద్దరూ అసలు తిరకాసు వదిలేశారు. ‘అమరావతి’ అని బాణం గీస్తే వెలగపూడి సచివాలయానికా, అమరలింగేశ్వరుడి గుడి ఉన్న ఊరికా? ఏ బొమ్మా తీర్చదు. ‘అమరావతి స్తూపం’ అనాలి, ఆ రెండో మాటతోనే తేలిపోతుంది.

ఇంకోటి, తెలుగుకు ఇంగ్లీషు అక్షరాల కొలతే పెడుతున్నారు. ‘ఉండవల్లి’లో లావత్తు కిందికి దిగుతుంది, దానికి చోటు కోసం అక్షరం కుదిస్తారు. రాత్రి హెడ్‌లైటు పడగానే రేడియం మెరిసి సందులు పూడిపోతాయి, దూరానికి మరకే. గీత సన్నం చేసి, ఎత్తు పెంచాలి, బోర్డుకు రెండు పేర్లు మించకూడదు. రెండు భాషల్లో రాస్తే అవే నాలుగు వరుసలు.

గొడ్డుకారం: ఫోన్లుండగా ఇంత గోలెందుకని ఎవరో అడుగుతారు, ముందే చెబుతున్నా: పైన ఫ్లైఓవరు, కింద రోడ్డు ఉన్నచోట ఫోను తికమకపడుతుంది.

రేడియం కటింగ్: కరెక్టే. విజయవాడలో భవానీపురం వైపు నుంచి కనకదుర్గ ఫ్లైఓవరు ఎక్కేస్తే దిగేది రాజీవ్ గాంధీ పార్కు దగ్గర, గుడి వెనకబడిపోతుంది. అమ్మవారి బోర్డు కుమ్మరిపాలెం రాకముందే ఉండాలి, చీలిక దగ్గర బాణం, కింద రోడ్డులోకి దిగాక దూరంతో మరోటి. గోధుమరంగంటే పర్యాటకమని జనానికి తెలియకపోయినా నష్టం లేదు.

తాడేపల్లి గేటు: ఆ చీలిక దగ్గర బాణం పక్కన గోపురం బొమ్మ వేస్తే మాత్రం కాదంటారా మాస్టారూ?

రేడియం కటింగ్: వేయండి. మంగళగిరికీ అదే గోపురం వేస్తారుగా, కింద పేరు రాయక తప్పదు.