ఒక్క ప్రయోగంతో ‘పరికల్పన రుజువైంది’ అని రాయవచ్చా? లాలాజలం, పిండిపదార్థం ప్రయోగంపై చర్చ

పరీక్షనాళిక:
జీవశాస్త్రం మొదలుపెట్టిన ప్రతివాళ్లూ చేసే ప్రయోగమే ఇది. పిండి ద్రావణంలో లాలాజలం కలుపుతారు, పది నిమిషాలాగి అయోడిన్ చుక్క వేస్తారు. పిండి ఉంటే రావాల్సిన నీలిరంగు రాదు. ‘లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ పిండిపదార్థాన్ని గ్లూకోజ్‌గా మారుస్తుందన్న పరికల్పన రుజువైంది’ అని రాసి రికార్డు మూసేస్తారు. ఆ వాక్యంలోంచి ‘రుజువైంది’ని తీసేయాలని నా వాదన. కంటికి కనిపించింది రంగు రాకపోవడం ఒక్కటే. మీరేమంటారు?

కిణ్వం:
నేను ఒప్పుకోను. అమైలేజ్ పిండిని విడగొడుతుందా లేదా అన్నది ఇప్పుడు కొత్తగా తేలాల్సింది కాదు. 1833లోనే పాయెన్, పెర్సోజ్ మొలకెత్తిన బార్లీ నుంచి పిండిని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు, ఇప్పుడు మనం అమైలేజ్ అనేది దాన్నే. ఇంత గట్టిగా నిలిచిన విషయం గురించి ‘బలం చేకూరింది, అంతే’ అని రాయిస్తే, సైన్సులో ఏదీ ఖాయం కాదన్న ముక్కే పిల్లల బుర్రలో మిగులుతుంది. మాటల్లో అతి జాగ్రత్త నేర్పబోయి అపనమ్మకం నేర్పిన వాళ్లమవుతాం. సూక్ష్మజీవులు వాటంతటవే పుట్టవని పాశ్చర్ చూపించిన హంసమెడ ఫ్లాస్కులే చూడండి. మరిగించిన ద్రావణం చెడలేదు, మెడ విరిచాక చెడింది. దాన్ని రుజువు అనకపోతే ఇంకేమంటాం?

సూక్ష్మదర్శిని:
పాశ్చర్ ఉదాహరణ మీ వాదనకే అడ్డం తిరుగుతుంది కిణ్వం గారూ. అదే కాలంలో, అవి వాటంతటవే పుడతాయని వాదించిన పూషే ఎండుగడ్డి కషాయాన్ని మరిగించి మూసి ఉంచితే అందులో సూక్ష్మజీవులు పెరిగాయి. ఆయన చూసింది అబద్ధం కాదు. ఎండుగడ్డి మీద ఉండే బాసిల్లస్ బాక్టీరియా సిద్ధబీజాలు (స్పోర్లు, గట్టి పెంకుతో నిద్రాణంగా ఉండే రూపాలు) నీళ్లు మరిగే వేడికి చావవు. ఆ సంగతి 1876లో ఫెర్డినాండ్ కోన్ ఆ సిద్ధబీజాలను వర్ణించాకగానీ తెలియలేదు. మరుసటి ఏడు టిండాల్, ద్రావణాన్ని మరిగించి, సిద్ధబీజాలు మొలకెత్తేదాకా ఆగి, మళ్లీ మరిగించే పద్ధతి చూపించాడు. పాశ్చర్ చెప్పింది నిజమే, కానీ దాన్ని నిలబెట్టింది ఆ ఫ్లాస్కులు ఒక్కటే కాదు. ఎదురు ఫలితానికి కారణం దొరకడం కూడా.

పరీక్షనాళిక:
రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీద్దాం. ‘అమైలేజ్ పిండిని విడగొడుతుంది’ అన్నది ఎన్నో వైపుల నుంచి తేలిన జ్ఞానం. దానిమీద నాకు అనుమానం లేదు. ‘నా నాళికలో రంగు రాకపోవడానికి కారణం అమైలేజే’ అన్నది వేరే మాట. దానికి ఈ ప్రయోగంలోనే సాక్ష్యం చూపించాలి.

అమైలేజ్ లేకపోయినా రంగు ఎలా పోతుందో చూడండి. మొదటిది వేడి. పిండిలోని అమైలోజ్ అనే పొడవాటి అణువు గొలుసు మెలితిరిగి ఉంటుంది, దాని బోలులోకి అయోడిన్ చేరినప్పుడే నీలిరంగు. వేడిచేస్తే ఆ పట్టు సడలి రంగు పోతుంది, చల్లారితే తిరిగి వస్తుంది. అప్పుడే దించిన పిండి ద్రావణంతో పని మొదలుపెడితే జరిగేది ఇదే. రెండోది, అయోడిన్‌ను అయొడైడ్‌గా మార్చేసే పదార్థాలు. సి విటమిన్ ఆ పని క్షణాల్లో చేస్తుంది. లాలాజలంలో సహజంగా ఉండే థయోసయనేట్‌కీ అయోడిన్‌తో చర్య ఉంది. మూడోది మామూలు పొరపాటు: పిండి అడుగున పేరుకుని, పైన తేరిన నీళ్ల నుంచి చుక్క తీయడం.

ఇంకొకటి ఉంది, ఇది అన్నిటికన్నా లోతైనది. రంగు పోయిందంటే గొలుసులు అయోడిన్‌ను పట్టలేనంత పొట్టివయ్యాయని మాత్రమే అర్థం. నీలం, ఊదా, ఎర్రటి గోధుమ, ఆ తర్వాత అయోడిన్ పసుపు మాత్రమే. ఆ ఆఖరి దశలో కూడా నాళిక నిండా పొట్టి డెక్స్‌ట్రిన్‌లు (పిండి గొలుసు తెగిన ముక్కలు) ఉండొచ్చు. అయోడిన్ పరీక్ష చక్కెరను చూపించదు.

పత్రహరితం:
‘గ్లూకోజ్’ అన్న మాట ఎలాగూ తప్పే. లాలాజల అమైలేజ్ ముఖ్యంగా ఇచ్చేది మాల్టోజ్ (రెండు గ్లూకోజ్‌ల జత), మాల్టోట్రయోజ్ (మూడింటిది), డెక్స్‌ట్రిన్‌లు. చక్కెర పరీక్షకు వాడే బెనెడిక్ట్ ద్రావణం ఇటుకరంగుకి వచ్చినంత మాత్రాన గ్లూకోజ్ అనకూడదు, అది మాల్టోజ్‌తోనూ వస్తుంది. క్షయకరణ చక్కెర (ఆ ద్రావణం రంగు మార్చగల చక్కెర) ఉందని చెబుతుందే గానీ ఏ చక్కెరో చెప్పదు.

ఇక పద్ధతి సంగతి. చాలామంది లాలాజలం బదులు నీళ్లు పోసిన నాళిక ఒక్కటే కంట్రోల్‌గా (పోల్చి చూసే నాళికగా) పెడతారు. అది చాలదు. మరిగించిన లాలాజలంతో ఇంకో నాళిక ఉండి తీరాలి. మరిగిస్తే అమైలేజ్ ఆకృతి చెడి పనిచేయదు, థయోసయనేట్, లవణాల వంటి చిన్న అణువులు మాత్రం అలాగే ఉంటాయి. ఆ నాళికలో నీలిరంగు నిలిచిందంటే, రంగు పోగొట్టినది వేడికి పాడయ్యే పదార్థమని తేలుతుంది. నీళ్ల నాళిక ఈ మాట చెప్పలేదు.

నేను సూచించే విధానం: 1 గ్రాము పిండిపదార్థాన్ని (స్టార్చ్) కాసిన్ని చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్లలో పోసి, మొత్తం 100 మి.లీ. చేసి పూర్తిగా చల్లార్చాలి. 10 మి.లీ. గోరువెచ్చని నీళ్లు నోట్లో ఒక నిమిషం పుక్కిలించి వడకట్టాలి. అందులో సగం తీసి మరుగుతున్న నీటి తొట్టెలో 10 నిమిషాలు ఉంచి చల్లార్చాలి. మూడు నాళికల్లో 5 మి.లీ. చొప్పున పిండి ద్రావణం పోయాలి. వీటినీ, లాలాజలం గొట్టాలనూ విడివిడిగా 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 నిమిషాలు ఉంచాకే కలపాలి. ఒకదానికి 1 మి.లీ. పచ్చి లాలాజలం, రెండోదానికి అంతే మరిగించినది, మూడోదానికి నీళ్లు. ఆపైన ప్రతి 30 సెకన్లకూ ఒక్కో చుక్క తీసి పింగాణీ పలక గుంటల్లోని అయోడిన్‌లో వేయాలి. అయోడిన్‌ను నేరుగా నాళికలో పోయొద్దు, అది ఎంజైమ్ పనినే అడ్డుకుంటుంది. నాళికకో డ్రాపర్ తప్పనిసరి. పచ్చి లాలాజలం ఒక్క చుక్క అంటుకున్నా కంట్రోల్‌లోనూ పిండి విరిగిపోతుంది.

ఎవరి లాలాజలం వాళ్లే వాడాలి, వాళ్ల సామాను వాళ్లే కడగాలి.

కిణ్వం:
మరిగించిన లాలాజలం గురించి మీరు చెప్పిన కారణం నా ఆలోచన మార్చింది. ‘కంట్రోల్ పెట్టాం’ అనడం కన్నా అది దేన్ని తోసిపుచ్చిందో రాయడమే అసలు నిర్ధారణ, ఒప్పుకుంటున్నాను. అయినా మరో భయం ఉంది. ‘రుజువైంది’ తీసేసి ‘బలపరుస్తోంది’ పెడితే అదీ ఒక బట్టీ వాక్యమే అవుతుంది. మాట మారితే ఆలోచన మారినట్టు కాదు కదా?

సూక్ష్మదర్శిని:
కాదు. అందుకే వాక్యంలో మూడూ ఉండాలి: ఏం చూశాం, ఏది తోసిపుచ్చాం, ఏది మిగిలింది. ‘పచ్చి లాలాజలం ఉన్న నాళికలో 4 నిమిషాలకు నీలిరంగు పోయింది. మరిగించిన లాలాజలం, నీళ్లు ఉన్న నాళికల్లో 10 నిమిషాలైనా పోలేదు. కనుక లాలాజలంలో వేడికి పాడయ్యే పదార్థం దీనికి కారణం. చక్కెర తయారైందో లేదో ఈ పరీక్ష చెప్పదు.’ దీన్ని బట్టీ పట్టలేరు, ఎందుకంటే అంకెలు ఎవరివి వాళ్లవే.

ఒకే నాళిక నుంచి మూడు చుక్కలు తీసి ‘మూడుసార్లు చేశాం’ అనడం కూడా మానాలి. మూడు విడి నాళికలు కావాలి. అవి ఒకే మనిషి లాలాజలంతో అయితే ఆ లాలాజలం గురించే చెబుతాయి, అమైలేజ్ మోతాదు మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది.

పత్రహరితం:
‘రుజువైంది’ ఎంత దారి తప్పిస్తుందో, పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) మార్చి అమైలేజ్ వేగం పోల్చే ప్రయోగంలో చూడాలి. సోడియం హైడ్రాక్సైడ్‌తో క్షారంగా చేసిన నాళికలో మొదటి చుక్కకే నీలిరంగు ఉండదు. ‘పీహెచ్ 11 దగ్గర అమైలేజ్ అన్నిటికన్నా వేగం’ అని గ్రాఫు గీస్తారు. నిజానికి లాలాజల అమైలేజ్ బాగా పనిచేసేది తటస్థానికి దగ్గర్లో, 6.8 ప్రాంతంలో.

కిణ్వం:
లాలాజలం లేకుండా అదే పీహెచ్‌లో పిండి మాత్రం పెట్టి చూడాలి కదా?

పత్రహరితం:
అదే కంట్రోల్. అందులోనూ రంగు రాదు, క్షారంలో అయోడిన్ అయొడైడ్, అయొడేట్‌లుగా మారిపోతుంది కాబట్టి. ఇప్పుడు పలక మీది ఆ గుంటలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు మూడు చుక్కలు వేయండి. ఆమ్లంలో అవి రెండూ కలిసి మళ్లీ అయోడిన్ అవుతాయి. పిండి చెక్కుచెదరకుండా ఉంటే నీలిరంగు అక్కడికక్కడే తిరిగొస్తుంది.