‘తోడేళ్ళ పునరాగమనం’ అనవచ్చునా?

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనం గురించిన వ్యాసానికి ‘తోడేళ్ళ పునరాగమనం’ అని పేరు పెట్టడం సబబేనా అని మిత్రులొకరు అడిగారు. నా దృష్టిలో అక్కడ ఆ మాట పొసగదు. వినాయకుడికి ఉద్వాసన చెప్పేటప్పుడు మనం ‘పునరాగమనాయ చ’ అంటాము. తనంతట తాను మళ్ళీ రమ్మన్న ప్రార్థన అది. ఎల్లోస్టోన్ తోడేళ్ళు తమంతట తాము రాలేదు. 1926 నాటికి అక్కడి గుంపులను వేటాడి తుదముట్టించారు. దాదాపు డెబ్బై ఏళ్ళ తరువాత, 1995లో కెనడా నుంచి 14 తోడేళ్ళను, మరుసటి ఏడాది ఇంకో 17 తోడేళ్ళను పట్టి తెచ్చి, వదలగానే పుట్టినచోటికి పరుగు తీయకుండా కంచె వేసిన దొడ్లలో కొన్ని వారాలపాటు మాంసం వేసి పెంచి, ఆ పిమ్మట అడవిలోకి విడిచారు. ఇంత పనికీ సరిపడే క్రియ మనకు ఉండనే ఉంది: రప్పించడం. ‘వచ్చు’కు ప్రేరణరూపమైన ‘రప్పించు’లో, వెనుక ఒకరు పూనుకొన్నారన్న అర్థం ఇమిడి ఉంది. పత్రికల్లో కనబడే ‘పునఃప్రవేశపెట్టారు’ మాత్రం శాసనసభలో బిల్లు పెట్టినట్లు వినిపిస్తుంది.

‘పునరాగమనం’ ఐరోపాకు చక్కగా నప్పుతుంది. 1992లో ఫ్రాన్సులోని మెర్కాంటూర్ కొండల్లో కనబడిన తోడేళ్ళు ఇటలీ వైపునుంచి నడిచి వచ్చినవి. 2000లో జర్మనీలోని సాక్సనీలో పిల్లలను పెట్టినవి పోలండు దిక్కునుంచి వచ్చినవి. వాటిని ఎవరూ రప్పించలేదు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో రెండు క్రియలూ అవసరమవుతాయి. తోడేళ్ళను తేవాలని 2020లో ఓటర్లు తీర్పు చెప్పారు; తెచ్చేలోపే వయోమింగ్ వైపునుంచి వచ్చిన జంటకు 2021లో పిల్లలు పుట్టాయి; 2023 డిసెంబరులో ఆరెగాన్ నుంచి తెచ్చిన 10 తోడేళ్ళను వదిలారు. మొదటివి వచ్చినవి, తరువాతివి రప్పించినవి.

ఈ సందర్భంలో ఉమ్మడి కర్నూలు జిల్లాలోని రోళ్ళపాడు తోడేళ్ళ ప్రస్తావన కూడా వచ్చింది. ఆ గడ్డిమైదానంలో గొర్రెల మందల వెంట తిరిగే తోడేళ్ళు మొదటినుంచీ అక్కడివే కనుక వాటికి పై రెండు మాటలూ వర్తించవు. ఆ అభయారణ్యాన్ని బట్టమేకపిట్ట కోసం ఏర్పాటు చేశారు. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు. ‘రప్పించడం’ అన్న మాట రోళ్ళపాడులో ఎప్పుడైనా వాడవలసి వస్తే అది ఆ పిట్ట విషయంలోనే.