‘సగటు’లో ‘సగం’ ఎక్కడుంది?

మొన్న ఆదివారం పొద్దున్నే హిందూపురం నుంచి మా పిన్ని ఫోన్. తమ్ముణ్ణి ఇక్కడ బెంగళూరులో ఇంజనీరింగ్‌లో చేర్పించాలని చూస్తున్నారు. ఒక కాలేజీవాళ్ళు ఇచ్చిన రంగుల పాంప్లెట్‌లో ‘సగటు ప్యాకేజీ 8 లక్షలు’ అని ఉందట. “అంటే సగం మందికి ఎనిమిది పైన, సగం మందికి ఎనిమిది లోపు వచ్చినట్టేగా నాన్నా, మనవాడు ఎంత బద్ధకస్తుడైనా ఆ పై సగంలో పడకపోతాడా” అంది. మా పిన్ని లెక్కలు రాని మనిషి కాదు, ఇరవైమంది చీటీపాట లెక్క కాగితం లేకుండా నోటితో చెప్పేస్తుంది. మరి ఎక్కడ జారింది అంటే, మాట దగ్గరే జారిందని నా అనుమానం. ‘సగటు’ అనగానే చెవిలో ‘సగం’ మోగుతుంది.

ఫోన్‌లోనే ఒక లెక్క రాయించాను. తొమ్మిదిమంది పిల్లలు, లక్షల్లో వాళ్ళ జీతాలు: 3, 3, 3, 3.5, 3.5, 4, 4, 5, చివరివాడికి 43. మొత్తం 72, తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా 8. పాంప్లెట్‌లో ఇలాంటి 8 వేస్తే అబద్ధమని ఎవరూ అనలేరు. కానీ ఎనిమిది దాటినవాడు ఒక్కడే, మిగతా ఎనిమిదిమందిలో ఎవడూ అయిదు దాటలేదు. జీతం ప్రకారం వరసలో నిలబెడితే అయిదోవాడు నడిమివాడు, వాడికి మూడున్నర. పిన్ని అనుకున్న ‘సగం అటు, సగం ఇటు’ వీడి దగ్గర ఉంది, బళ్ళో దీన్నే మధ్యగతం అన్నారు. అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చింది 3, అది బాహుళకం. పిన్ని కాసేపు ఆగి “ఆ నలభై మూడువాణ్ణి తీసేస్తే?” అంది. తీసేస్తే ఎనిమిదిమందికీ కలిపి 29, సగటు 3.6 చిల్లర. ఒక్కడు లేచి వెళ్ళిపోతే సగటు సగానికన్నా కిందికి పడింది, నడిమి లెక్క మాత్రం కదలకుండా మూడున్నర దగ్గరే కూర్చుంది.

ఇక అసలు విషయం. నోటి తెలుగులో ఈ మూడింటికీ మూడు మాటలు ఎప్పట్నుంచో ఉన్నాయి కదా! హోటల్లో బిల్లు రాగానే “తలా ఎంత?” అంటాం, అది అచ్చంగా సగటు: మొత్తాన్ని తలలతో భాగించడం, రెండు బిర్యానీలు లాగించినవాడెవడో దానికి పట్టదు. ఆటో ఎక్కేముందు షాపువాణ్ణి “ఇక్కణ్ణుంచి మామూలుగా ఎంత తీసుకుంటారు?” అంటాం, అది బాహుళకం. నడిమివాడు అంటే మధ్యగతమే. రాతలోకి వచ్చేసరికి ఈ మూడింటినీ ‘సగటు’ అనే ఒక్క గోతంలో కుక్కేశాం. ‘సగటు మనిషి’ అన్నప్పుడు మన మనసులో ఉన్నది మామూలు మనిషే కానీ భాగహారం చేసిన మనిషి కాదు. పత్రికల్లో ‘సగటున’ అని రాసేచోట ‘తలా’ అని రాస్తే సగం తంటా తీరుతుందని నేనంటాను, మీరేమంటారు?

కె.ఆర్. పురం తమ్ముడు:
సగం + అటు = సగటు. సగం అటు పోతే మిగిలిన సగం ఇటే కదన్నా, పిన్నిగారే రైటు.

పోస్టు పెట్టిన నేను:
చెవికి ఇంపుగా ఉన్నంత మాత్రాన వ్యుత్పత్తి అయిపోదు తమ్ముడూ, ఆ లెక్కన ‘పొరపాటు’లో పొరనీ పాటనీ వెతుక్కోవాలి. కానీ నువ్వు సరదాకి అన్నదాన్నే జనం నిజంగా అనుకుంటున్నారు, నా గొడవంతా అదే.

జయనగర్ మాస్టారు:
ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదవండి. మీరు సగటు మీద పడ్డారు గానీ పిల్లల్ని ఇంకా ఎక్కువ తిప్పలు పెట్టింది మన పాఠ్యపుస్తకం. సగటుకి ‘అంకమధ్యమం’ అని పేరు, పక్క పేజీలోనే ‘మధ్యగతం’. రెండింట్లోనూ ‘మధ్య’. పరీక్షలో ఒకటి అడిగితే ఇంకోటి కట్టుకొచ్చేవాళ్ళు, నేనేమో ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి, ఇప్పుడు తలుచుకుంటే తప్పు వాళ్ళది కాదేమో అనిపిస్తుంది.

అయితే అంకమధ్యమంలో మధ్య లేదనడానికీ లేదు, అది వేరే రకం మధ్య. కావడి గుర్తుందా? బద్ద మీద 3 దగ్గర మూడు కుండలు, 3.5 దగ్గర రెండు, అలా వరసగా, చిట్టచివర 43 దగ్గర ఒకటి, అన్నీ ఒకే బరువు అనుకోండి. బద్ద బరువు లెక్కలోకి తీసుకోకండి. మోసేవాడు భుజం ఎక్కడ పెట్టాలి? సరిగ్గా 8 దగ్గర. చివరి కుండ దూరంగా వేలాడుతోంది కాబట్టి భుజాన్ని అటు లాక్కుపోతుంది. భుజానికి అవతలి వైపు దూరం 35, ఇవతలి ఎనిమిది కుండల దూరాలన్నీ కూడినా 35, చూసుకోండి. మధ్యగతానికి ఈ తూకంతో పని లేదు, అది కుండల్ని లెక్కపెడుతుంది, అంతే. ఒకటి తూకం నడుమ, రెండోది వరస నడుమ. ఈ ముక్క ముందే చెప్పుంటే నా ఎర్ర సిరా సగం మిగిలేది.

పదిమంది ఉంటే నడిమివాడెవడు అని అడుగుతారు, అయిదోవాడివీ ఆరోవాడివీ కూడి సగం చెయ్యడమే. అక్కడ మాత్రం సగం ఉంది!

ఇంకో మాట. మా నాన్నగారు సగటు అనేవారు కాదు, ‘సరాసరి’ అనేవారు. పారసీ నుంచి వచ్చిన మాట, పారసీలో ‘సర్’ అంటే తల, ‘సరాసర్’ అంటే ఈ కొస నుంచి ఆ కొస దాకా. మీ ‘తలా ఎంత’లోనూ తలే, అందులోనూ తలే.

పోస్టు పెట్టిన నేను:
మాస్టారూ, సరాసరి అంటే నాకిక్కడ ఒక అనుభవం ఉంది. బెంగళూరు వచ్చిన కొత్తలో మా అపార్ట్‌మెంట్ మీటింగులో నీళ్ళ ట్యాంకర్ల ఖర్చు మాట్లాడుతూ ఒక పెద్దాయన కన్నడంలో “సరాసరి ఎష్టాగుత్తె?” అన్నాడు, అంటే సగటున ఎంతవుతుందని. నాకు తెలిసిన సరాసరి ‘నేరుగా’, సరాసరి ఇంటికెళ్ళాడు అన్నట్టు. ట్యాంకర్లు సరాసరి సంపు దగ్గరికే వస్తున్నాయి సార్ అని చెప్పాను. అందరూ నవ్వారు, ఎందుకు నవ్వారో నాకు అర్థమయ్యేసరికి మీటింగు అయిపోయింది.

చెన్నై నుంచి ఒకరు:
మా దగ్గరా సరాసరే, తమిళంలోనూ అదే మాట, మరాఠీలోనూ అదే. ఇక్కడి పేపర్లలో ‘సరాసరి మనిదన్’ అంటే మీ సగటు మనిషే. ఈ సగటు మనిషిని శాస్త్రంలోకి తెచ్చింది బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త కెట్లే, 1835లో. ఒకే నక్షత్రాన్ని నాలుగుసార్లు కొలిస్తే నాలుగు అంకెలు వస్తాయి, వాటి సగటు తీసుకుంటే పొరపాట్లు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆయన అదే పద్ధతిని మనుషుల ఎత్తులకీ బరువులకీ పెట్టాడు. నక్షత్రం ఒక్కటే కాబట్టి సగటు దాని అసలు చోటుకి దగ్గరవుతుంది, కానీ వెయ్యిమంది సగటు ఎవరి ఎత్తు చెప్పండి?

వైట్‌ఫీల్డ్ అక్క:
రోజంతా ఆఫీసులో డేటాతోనే నా బతుకు కాబట్టి రెండు ముక్కలు. ఇంగ్లీషు ‘యావరేజ్’ కూడా పంపకం మాటే. పాతకాలంలో తుఫానులో ఓడ మునగకుండా కొంత సరుకు సముద్రంలో పారేస్తే, ఆ నష్టాన్ని సరుకున్న వర్తకులందరూ వాటా ప్రకారం పంచుకునేవాళ్ళు, ఆ లెక్క నుంచి వచ్చింది. ఓడల బీమాలో ఇప్పటికీ ఆ అర్థంలో వాడతారు. కాబట్టి మీ ‘తలా’కి నా ఓటు.

రెండోది, మీరందరూ నడుమ దగ్గరే ఆగిపోయారు, చెల్లాచెదురు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆఫీసుకి నాకు రెండు దారులు. ఒకటి లోపలి రోడ్లు, అయిదు రోజులు 48, 49, 50, 51, 52 నిమిషాలు. రెండోది రింగ్ రోడ్డు: 30, 35, 45, 55, 85. రెండింటి సగటూ 50 నిమిషాలే. తొమ్మిదిన్నర మీటింగ్ ఉన్న రోజు రెండో దారి పడతారా ఎవరైనా? సగటు నుంచి ఒక్కో రోజు తేడాల్ని ఊరికే కూడితే ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోయి సున్నా వస్తుంది, అందుకే వాటిని వర్గం చేసి, సగటు తీసి, మళ్ళీ వర్గమూలం తీస్తాం. మొదటి దారికి 1.4 నిమిషాలు, రెండోదానికి 19.5. దీనికి పుస్తకం పెట్టిన పేరు ‘ప్రామాణిక విచలనం’, పలికేలోపు సిగ్నల్ పడుతుంది. మా అమ్మైతే “గంట, ఓ పావుగంట అటూ ఇటూ” అంటుంది. ఆ ‘అటూ ఇటూ’ కన్నా మంచి పేరు నాకు దొరకలేదు.

కె.ఆర్. పురం తమ్ముడు:
అక్కా, ఇక నేను కూడా అటూఇటూ అనే రాస్తా. ఎగ్జామ్‌లో మార్కులు పోతే నీదే బాధ్యత.

జయనగర్ మాస్టారు:
నవ్వకు నాయనా, ఆ అటూఇటూ మీద ప్రపంచానికి పాఠం చెప్పింది మన తెలుగాయనే. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు 1920లో హడగలిలో పుట్టారు, ఇప్పుడది మనం ఉంటున్న ఈ కర్ణాటకలోనే ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు, కలకత్తాలో స్టాటిస్టిక్స్. 1945లో, పాతికేళ్ళు కూడా నిండని వయసులో, అంచనాకి ఒక హద్దు గీశారు: పక్షపాతం లేకుండా ఎంత తెలివిగా అంచనా కట్టినా దాని అటూఇటూ ఇంతకన్నా తగ్గదు అని. స్వీడన్‌లో క్రామర్ కూడా విడిగా అదే కనిపెట్టాడు కాబట్టి క్రామర్–రావు హద్దు అంటారు. మైసూరు రోడ్డులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు కనిపించినప్పుడల్లా ఆయనే గుర్తొస్తారు నాకు.

పోస్టు పెట్టిన నేను:
కావడి సంగతీ, అటూఇటూ సంగతీ పిన్నికి రాత్రి చదివి వినిపించాను. కావడి దగ్గర ఆపి రెండోసారి చదివించుకుంది. ఇవాళ పొద్దున తనే కాలేజీకి ఫోన్ చేసి, జీతాల ప్రకారం పిల్లల్ని వరసలో నిలబెడితే నడిమి పిల్లాడికి ఎంత వచ్చింది బాబూ అని అడిగిందట. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎవరినో పిలిచారు, ఆయనా ఇంకెవరినో పిలిచాడు. చివరికి ఒకాయన ఫోన్ తీసుకుని “అవన్నీ ఫోన్లో కాదమ్మా, మీరు సరాసరి ఆఫీసుకే వచ్చెయ్యండి” అన్నాడట.