లాంగ్ ఐలాండ్‌కు ఓడలో వెళ్లాలా, జారవాల అడవి గుండా రోడ్డు మీద వెళ్లాలా?

చెలియలికట్ట:
వచ్చే ఫిబ్రవరిలో మేము నలుగురం మధ్య అండమాన్ తూర్పు తీరాన ఉన్న లాంగ్ ఐలాండ్‌కు వెళ్లాలనుకుంటున్నాం. అడవీ, నిశ్శబ్దమూ తప్ప అక్కడ మాకు కావలసింది మరేదీ లేదు. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) ఫీనిక్స్ బే జెట్టీలో ప్రభుత్వ ఓడ ఎక్కడం ఒక దారి. అండమాన్ ట్రంక్ రోడ్డు మీద రంగత్ వరకు వెళ్లి, యెరటా జెట్టీలో పడవ ఎక్కడం రెండో దారి. ఓడ రోజూ ఉండదు కాబట్టి రోడ్డే నయమని మాలో ఇద్దరి అభిప్రాయం. అయితే ఆ రోడ్డు అండమాన్ ఆదివాసులైన జారవాల రక్షిత ప్రాంతం గుండా పోతుంది కనుక నాకు మనసొప్పడం లేదు. ఇది నా చాదస్తమేనా?

మడ అడవి:
చాదస్తం కాదండీ. జారవాల ప్రాంతంలో ఆ రోడ్డును మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించింది. అయినా జిర్కాటాంగ్ గేటు దగ్గర వాహనాలు బారులు తీరి, పోలీసు రక్షణతో, నిర్ణీత వేళల్లో నేటికీ అడవిలోకి వెళుతూనే ఉన్నాయి. దారిలో ఆగకూడదు, ఫొటోలు తీయకూడదు అన్న నిబంధనలు ఉన్నా, జారవా స్త్రీల చేత పర్యాటకుల కోసం నృత్యం చేయించిన వీడియోలు 2012లో బయటపడి దేశమంతటా దుమారం రేగింది. మరుసటి ఏడు జనవరిలో కోర్టు పర్యాటకుల రాకపోకలను ఆపింది కానీ, మార్చి నాటికి ఆ ఆంక్ష తొలగిపోయింది. అంతకంటే పెద్ద భయం రోగాలది. బయటివారితో సఖ్యత మొదలైన కొద్దికాలానికే, 1999లో, జారవాలకు తట్టు సోకింది; 2006లో మళ్లీ సోకింది. కొన్ని వందల మందే ఉన్న జాతి విషయంలో కిటికీలోంచి చూసిపోయే సరదాకు ఏ సమర్థనా లేదని నా అభిప్రాయం.

లంగరు:
రంగత్‌లో ఆరేళ్లు ఉద్యోగం చేసినవాణ్ణి కనుక రెండు మాటలు చెబుతాను. ఆ రోడ్డు మీద పర్యాటకులే కాదు, రోగులూ, విద్యార్థులూ, కూరగాయల లారీలూ వెళతాయి. వాహనాల వరుస ఎలాగూ కదులుతుంది కాబట్టి అందులో మీ కారు ఒకటి చేరినంత మాత్రాన జరిగే హాని ఎంత? పోనీ, ఓడలో వెళితే అంతా పుణ్యమేనని అనుకోకండి. ద్వీపవాసులకు ఆ ఓడే బస్సు. సెలవుల ముందు టికెట్ల వరుసలో నిలబడి, సీటు దొరకక వెనుదిరిగిన వాళ్లలో నేనూ ఉన్నాను.

మడ అడవి:
లంగరు గారి రెండో మాట నాకు తట్టనిది, ఒప్పుకుంటున్నాను. మొదటి మాటతో మాత్రం ఏకీభవించలేను. రోగికి ఆ రోడ్డు అవసరం, మనకు అది వెసులుబాటు. పైగా పర్యాటక వాహనాలు తగ్గితేనే ఆ వరుసల సంఖ్యను తగ్గించమని పరిపాలన విభాగాన్ని అడగడానికి వీలుంటుంది. “నేనొక్కణ్ణే కదా” అని ప్రతి ఒక్కరూ అనుకోబట్టే ఆ బారు అంత పొడవైంది.

లంగరు:
ఆ వాదం కాదనలేను గానీ, అక్కడి జనానికి దాపుగా మరో దారి ఏర్పడేవరకు రోడ్డును తప్పుపట్టడం నాకు చేతకాదు. ఓడలోనే వెళ్లదలిస్తే పండుగ రోజులూ, సెలవులు మొదలయ్యే రోజులూ వదిలేసి, వారం మధ్యలో సీట్లు చూసుకోండి. ఫిబ్రవరిలో సముద్రం సాధారణంగా నెమ్మదిగానే ఉంటుంది. అయినా గాలి మారితే ఓడ రద్దవుతుంది కనుక తిరుగు విమానానికి ముందు కనీసం రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. లాంగ్ ఐలాండ్‌లోని లాలాజీ బే అనే సముద్రతీరానికి అడవిలో కాలిబాట ఉంది, డుంగీలో (చిన్న పడవలో) కూడా వెళ్లవచ్చు. నడిచి వెళ్లేటట్లయితే చీకటి పడకముందే వెనక్కి బయలుదేరండి. అక్కడ సూర్యుడు మన వైపు కంటే చాలా ముందే అస్తమిస్తాడు.

చెలియలికట్ట:
ఓడ రోజులను బట్టే సెలవు పెట్టుకుంటామని మిగిలిన ముగ్గురికీ చెప్పాను. ఇద్దరు ఒప్పుకున్నారు. మూడో ఆయన రెండు ఖాళీ రోజుల సెలవు తనకు దొరకదని అంటున్నాడు. ఆయన కోసం రోడ్డున వెళ్లడం కంటే ప్రయాణాన్ని మార్చికి జరపడమే మేలనిపిస్తోంది.