బోరు నీళ్ల అక్వేరియంలో ఆగని నాచు: దేనితో మొదలుపెట్టాలి?

నీటితోట, నల్లగొండ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇంటి ముందుగదిలో 80 లీటర్లు పట్టే అక్వేరియం ఉంది. వాలిస్నేరియా, అనూబియాస్, జావా ఫెర్న్, ఒక రాయికి కట్టిన జావా మాస్ అనే నీటి మొక్కలను అందులో పెంచుతున్నాం. చేపల్లో గప్పీలు, మోలీలు ఉన్నాయి. తూర్పు కిటికీ పక్కనే ఉండడం వల్ల పొద్దున కాసేపు ఎండ నేరుగా పడుతుంది, ఆ తర్వాత ఎల్ఈడీ దీపం రాత్రి 10 గంటల దాకా వెలుగుతుంది. కొంతకాలంగా రెండు రకాల నాచు పట్టుకుంది. ఒకటి పచ్చటి దారాలుగా మాస్ లోపలికి అల్లుకుపోయింది, లాగితే మాస్‌తో సహా ఊడివస్తోంది. రెండోది అనూబియాస్ ఆకుల అంచుల వెంట నల్లటి కుచ్చులుగా ఉంది, గోటితో గీకినా రాదు.

మేము వాడేది బోరు నీళ్లు. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మొత్తం) మీటరు పెడితే 900 పైన చూపిస్తుంది. మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నల్లా కూడా ఉంది గానీ ఆ నీళ్లలో క్లోరిన్ కలుపుతారని చేపలకు వాడడం లేదు. మన నీళ్లలోని ఫ్లోరైడ్ వల్లనే ఈ నాచు వస్తోందేమోనని ఇంట్లో పెద్దవాళ్ల అనుమానం. చేపల దుకాణంలో అడిగితే గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనం ఉన్న ఒక సీసా నాచు మందు, నాచు తింటుందని ఒక సక్కర్ చేప తీసుకెళ్లమన్నారు. ఏదైనా కొనేముందు మీ సలహా కోరుతున్నాను.

ఆయకట్టు, మిర్యాలగూడ

నీటితోట గారూ, ముందుగా దీపం సంగతి చూడండి. మీరు చెప్పిన మొక్కల్లో వాలిస్నేరియా తప్ప మిగిలిన మూడూ నిదానంగా పెరిగేవే. నెలకు ఒకటి రెండు ఆకులు వేసే అనూబియాస్, పొద్దుటి ఎండతో మొదలై రాత్రి 10 దాకా సాగే వెలుతురును వాడుకోలేదు. అది వాడుకోలేని వెలుతురంతా నాచు పాలవుతుంది. కిటికీకి మందపాటి పరదా వేయండి లేదా ఎండ పడే వైపు అద్దానికి బయటినుంచి నల్ల చార్టు అంటించండి. దీపానికి టైమరు ప్లగ్గు పెట్టి రోజుకు 6 గంటలకు కుదించండి; చేత్తో వేసి ఆర్పడం వల్ల ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ అవుతుంది, మొక్కలకు ఆ ఎగుడుదిగుడు మంచిది కాదు. మీరు ఇంట్లో ఉండి చూసుకునే సాయంత్రం వేళకే ఆ 6 గంటలూ పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

దారాల నాచుకు పాత టూత్‌బ్రష్షును మించిన పనిముట్టు లేదు. ఒక చేత్తో మాస్‌ను రాయి మీద అదిమి పట్టుకుని, రెండో చేత్తో బ్రష్షును నాచులో గుచ్చి ఒకే వైపు తిప్పితే, కండెకు నూలు చుట్టుకున్నట్టు దారాలన్నీ బ్రష్షుకు చుట్టుకుని వస్తాయి. నేరుగా లాగినప్పుడు ఊడే మాస్ ఇలా తిప్పినప్పుడు చాలావరకు నిలుస్తుంది. తీసిన నాచును నీళ్లలో జాడించవద్దు, తెగిన ముక్కలు మళ్లీ పెరుగుతాయి.

నల్ల కుచ్చులు బాగా కమ్మేసిన ముసలి ఆకులను కాడ మొదటికి కత్తిరించేయండి. ఆ ఆకు తిరిగి కోలుకోదు, పైగా కొత్త ఆకులకు అంటిస్తుంది. ఇంకొక మాట: అనూబియాస్ దుంప ఇసుకలో కప్పబడి ఉంటే పైకి తీసి కట్టె ముక్కకో రాయికో కట్టండి, లేకపోతే కుళ్లుతుంది. వీటన్నింటికీ ముందు 3 రోజులు దుప్పటి కప్పి పూర్తిగా చీకటి చేస్తే దారాల నాచు బలహీనపడుతుంది.

వనపర్తి టీచర్

నేను బడిలో జీవశాస్త్రం చెబుతాను కాబట్టి నీళ్ల గురించి కొంత వివరంగా రాస్తున్నాను. ఫ్లోరైడ్ నాచుకు ఆహారం కాదు, మీ పెద్దవాళ్లకు ఆ మాట ధైర్యంగా చెప్పవచ్చు. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి మనుషుల పళ్లు, ఎముకల కోసం పెట్టింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే ‘నల్లగొండ పద్ధతి’ కూడా తాగునీటి కోసం వచ్చినదే. దానిని అక్వేరియంలో ప్రయత్నించకండి. పటిక నీటి క్షారతను తినేసి పీహెచ్‌ను కిందికి లాగుతుంది, చేపలు తట్టుకోలేవు.

మీరు అనుమానించవలసింది నైట్రేట్‌ను. పొలాలకు వేసిన యూరియాలో పైరు తీసుకోనిది నైట్రేట్‌గా మారి భూగర్భ జలంలోకి దిగుతుంది. బోరు నీళ్లలోనే అది ఎక్కువగా ఉంటే, నాచు తగ్గాలని మీరు నీళ్లు మార్చిన ప్రతిసారీ దానికి కొత్తగా ఎరువు అందిస్తున్నట్టే. అందుచేత నైట్రేట్ టెస్ట్ కిట్టుతో అక్వేరియం నీళ్లను, బోరు నీళ్లను విడివిడిగా పరీక్షించి రెండు అంకెలనూ పోల్చి చూడండి. అక్వేరియంలో లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉంటే మొక్కలకు చాలు. అలాగని సున్నాకు తేవాలని చూడవద్దు. నైట్రేట్ బొత్తిగా లేని తొట్టిలో మొక్కలు ఆగిపోతాయి, దుర్వాసనతో నీలాకుపచ్చ పొరగా పరుచుకునే సయనోబాక్టీరియాకు అదే అదను.

వేసవిలో మనం సరిగా పట్టించుకోని విషయం ఒకటుంది. నీళ్లు ఆవిరైనప్పుడు లవణాలు తొట్టిలోనే మిగిలిపోతాయి, తగ్గిన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తే టీడీఎస్ వారం వారం పెరుగుతూ పోతుంది. ఆవిరైన నీళ్ల స్థానంలో ఆర్వో ప్లాంటు నీళ్లు పోయండి. నీళ్లు మార్చేటప్పుడు భగీరథ నీళ్లు నిక్షేపంగా వాడవచ్చు. వెడల్పాటి టబ్బులో పట్టి, గాలి పంపు పెట్టి 24 గంటలు ఉంచితే క్లోరిన్ పోతుంది. తొందరగా కావాలంటే దుకాణాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే సోడియం థయోసల్ఫేట్ ఉంది. అయితే 900 టీడీఎస్‌కు అలవాటుపడిన చేపలను ఒక్కసారిగా పలుచటి నీళ్లలోకి మార్చకూడదు. వారానికి పావు వంతు చొప్పున మారుస్తూ రండి. గప్పీలు, మోలీలు గట్టి నీళ్లను (లవణాలు ఎక్కువున్న నీళ్లను) ఇష్టపడే చేపలే కనుక మరీ తగ్గించవలసిన అవసరం కూడా లేదు.

పాలమూరు చెరువుగట్టు, మహబూబ్‌నగర్

పై ఇద్దరి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, చీకటి వైద్యం విషయంలో ఆయకట్టు గారితో విభేదిస్తున్నాను. నల్ల కుచ్చులు ఎర్ర శైవలాల (ఎర్ర నాచు) జాతివి, 3 రోజుల చీకటికి అవి లొంగవు. పైగా మన ఎండాకాలంలో నీళ్ల వేడి 32 డిగ్రీలకు చేరినప్పుడు వాటిలో కరిగే ఆక్సిజన్ ముందే తక్కువ. చీకట్లో మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు, చనిపోయే నాచు కుళ్లుతూ ఉన్నదాన్ని కూడా లాగేస్తుంది. తెల్లవారేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

నల్ల కుచ్చులకు మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు. ఫిల్టరు ఆపి, సూది తీసిన సిరంజితో కుచ్చుల మీదికే నెమ్మదిగా వదలండి. సన్నటి బుడగలు లేస్తాయి. కొద్ది నిమిషాలు ఆగి ఫిల్టరు తిరిగి వేయండి. మొత్తం మోతాదు 10 లీటర్లకు 2 మిల్లీలీటర్లు దాటనీయకండి, మాస్ మీద మాత్రం వేయకండి. నల్లటి కుచ్చులు కొద్ది రోజుల్లో ఎర్రబడి, తర్వాత తెల్లబడితే చచ్చినట్టు. మీకు దుకాణంలో చెప్పిన గ్లూటరాల్డిహైడ్ మందును వాలిస్నేరియా ఉన్న తొట్టిలో పోయవద్దు, ఆకులు కరిగిపోతాయి.

సక్కర్ చేపను దయచేసి తీసుకోవద్దు. అది అడుగుకు మించి పెరుగుతుంది, పెరిగేకొద్దీ నాచు వదిలేసి చేపల మేత మీద పడుతుంది, నల్ల కుచ్చులను అసలు ముట్టదు. పెద్దదయ్యాక చాలామంది దానిని చెరువులో వదులుతున్నారు. మన వాగుల్లో, జలాశయాల్లో జాలర్ల వలలు చింపుతున్న ‘దెయ్యం చేప’ అదే, దాన్ని ఎవరూ కొనరు, తినరు. మీ మోలీలే దారాల నాచును కొరుక్కు తింటాయి. మేత సగానికి తగ్గించి చూడండి.

వీటితో పాటు వేగంగా పెరిగే మొక్క ఒకటి ఉండాలి. హార్న్‌వర్ట్ మన గట్టి నీళ్లలోని బైకార్బనేట్‌ను వాడుకుని పెరగగలదు, వేడికీ ఓర్చుకుంటుంది. గుప్పెడు తెచ్చి పైన తేలవేయండి, నీడనిస్తూ నైట్రేట్‌నూ తీసుకుంటుంది.

నీటితోట, నల్లగొండ

అందరికీ కృతజ్ఞతలు. పరదా, టైమరు ఇవాళే ఏర్పాటు చేస్తాను. హార్న్‌వర్ట్ మా దగ్గరి చెరువులో కనిపిస్తుంది, అక్కడినుంచి తెచ్చుకోవచ్చా? పెరాక్సైడ్, నీళ్ల మార్పు ఒకే రోజు చేయవచ్చా?

పాలమూరు చెరువుగట్టు, మహబూబ్‌నగర్

తెచ్చుకోవచ్చు గానీ తూనీగ పిల్లపురుగులు, నత్త గుడ్లు దాంతో వస్తాయి. తూనీగ పిల్లపురుగు గప్పీ పిల్లలను బతకనివ్వదు. లేత గులాబీ రంగు వచ్చేంత పొటాషియం పర్మాంగనేట్ కలిపిన నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, బాగా కడిగి, విడిగా ఒక బకెట్లో వారం రోజులు పెట్టి చూశాక వేయండి. పెరాక్సైడ్ వేసిన రోజు నీళ్లు మార్చవలసిన పని లేదు, అది ఒకటి రెండు రోజుల్లో నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ముందు నీళ్లు మార్చి, కుచ్చులున్న ఆకులు కత్తిరించి, మిగిలిన వాటికి మాత్రం మర్నాడు సిరంజి పట్టండి.