హైస్కూల్ పిల్లల్ని రోబోటిక్స్ టీమ్‌లోకి ఎలా రప్పించాలి?

చిత్తూరు దగ్గర ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. మా దగ్గర అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంది, పిల్లలు తమ చేతులతో వస్తువులు తయారుచేసి నేర్చుకునే గది. ఫస్ట్ టెక్ ఛాలెంజ్ (ఎఫ్‌టీసీ) అనే రోబోల పోటీకి ఒక టీమ్ కట్టాలని నా ఆశ. 7 నుంచి 12వ తరగతి దాకా ఎవరైనా చేరొచ్చు, ఒక టీమ్‌లో 15 మంది వరకు ఉండొచ్చు. అసెంబ్లీలో చెప్పాను, నోటీసు అంటించాను. పేర్లిచ్చింది క్లాసులో ఫస్టొచ్చే నలుగురే, నలుగురూ మగపిల్లలే. మిగతావాళ్ళని అడిగితే "మాకు కోడింగ్ రాదు సార్" అంటారు. వీళ్ళని ఎట్లా కదిలించాలి?

తిరుపతి, ఎస్వీయూ మెకానికల్ విద్యార్థి:
సార్, నోటీసు చూసి వచ్చేది ఎప్పుడూ ధైర్యమున్న పిల్లలే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబ్ తలుపులు తెరిచిపెట్టి, బల్లమీద పాడైన మిక్సీ ఒకటి, రెండు స్క్రూడ్రైవర్లు పెట్టండి. పోటీ మాటే ఎత్తకండి, ఊరికే విప్పమనండి. లోపల మోటార్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఎంత పొట్టివైపోయాయో చేత్తో పట్టుకుని చూసిన పిల్లకి మోటార్ అంటే బెరుకు పోతుంది. ఎఫ్‌టీసీ మ్యాచ్ వీడియో ఆ తర్వాత చూపించండి. మొదటి 30 సెకన్లు ఎవరూ కంట్రోలర్ ముట్టుకోకూడదు, రోబో తనంతట తానే తిరగాలి, ఆ తర్వాత 2 నిమిషాలు డ్రైవర్లది. అది చూశాక కూర్చోలేరు! కోడింగ్ భయం ఉన్నవాళ్ళకి బ్లాకులు జరిపి ప్రోగ్రామ్ చేసే పద్ధతి ఉంది, జావా అనే కోడింగ్ భాషే రావాలని లేదు. పైగా అవార్డులు కావాలంటే రోబోని ఎలా తయారుచేశారో చెప్పే పోర్ట్‌ఫోలియో రాయాలి, జడ్జిల ముందు మాట్లాడాలి. బొమ్మలు బాగా వేసే పిల్ల, గలగలా మాట్లాడే పిల్లాడు, వీళ్ళంతా టీమ్‌కి కావాల్సినవాళ్ళే. ఆ మాట పేరుపెట్టి పిలిచి చెప్పండి, అందరికీ కలిపి చెప్తే ఎవరికీ తగలదు.

తిరుపతి, ఒక అమ్మ:
సార్, మా పాప ఎనిమిదో తరగతి. ఇలాంటిది అడిగితే మా ఇంట్లో ముందు వచ్చే ప్రశ్నలు సాయంత్రం ఎన్నింటికి వదుల్తారు, బస్సు దొరుకుతుందా, మార్కులు తగ్గుతాయా అనే. ఇవి పేరెంట్స్‌ని పిలిచి ముందే తేల్చేయండి. ఆడపిల్లల్ని ఒక్కొక్కరినే అడగొద్దు, స్నేహితులు ముగ్గుర్ని కలిపి అడగండి, ఇంట్లో ఒప్పుకోవడం తేలికవుతుంది. పదో తరగతి పిల్లల్ని మాత్రం ఈ ఏడు వదిలేయండి, ఆ టెన్షన్ చాలు వాళ్ళకి.

పాకాల, జడ్పీ స్కూల్ టీచర్:
ఎఫ్‌టీసీ ఖర్చు మా బడికి అందేది కాదు మాస్టారూ. వరల్డ్ రోబోట్ ఒలింపియాడ్ అని ఇంకో పోటీ ఉంది, అందులో ఇద్దరు ముగ్గురితోనే టీమ్, అదీ చూడండి. అసలు ఏ పోటీకైనా ముందు పిల్లలకి తెలిసిన పని ఒకటి ఇవ్వాలి. మా వాళ్ళకి మామిడి చిక్కం, అంటే కాయలు కోసే పొడుగు కర్ర, మెరుగుచేసే పని ఇచ్చాను. కాయని లాగితే తొడిమ ఊడి సొన కారుతుంది, తోలు మీద మచ్చ పడితే రేటు పడిపోతుంది. సైకిల్ బ్రేక్ వైరు, కింద బ్రేక్ లివరు, పైన చిన్న కత్తి బిగించి తొడిమతో సహా కోసేలా చేశారు. మొదట కర్ర వంగినప్పుడల్లా వైరు వదులైపోయేది, అక్కడ మొదలైంది వాళ్ళ వాదులాట! లెక్కల్లో వెనకబడ్డ పిల్లాడే, తోటలో పెరిగినవాడు, దాన్ని సరిచేశాడు. ఇప్పుడు వాడు చెప్తే టాపర్లు వింటారు.

అడిగినవారు:
మిక్సీ రేపే తీసుకెళ్తాను. బస్సు టైముల సంగతి హెచ్‌ఎం గారితో మాట్లాడి, ఆ తర్వాతే పేరెంట్స్‌ని పిలుస్తా. పాకాల మాస్టారూ, ఆ వైరు వదులవకుండా ఎలా బిగించారో ఫొటో ఉంటే పెట్టండి.